కార్గిల్ సారు కుట్టు మిషను

జూన్ 4, 2025. బుధవారం

ఈ డైరీ నాన్నది. ఆయన కాపలా కాసిన బట్టల షాపువాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చారు. మొదటి పన్నెండు పేజీల్లో ఆయన చేతిరాత ఉంది. నడుము 34, పొడవు 40, చంక 17. పేర్లు లేవు, పొడి అక్షరాలే. పదమూడో పేజీ నుంచి నేను ఆక్రమిస్తున్నాను. చొరబాటుదారుణ్ణి కాల్చాల్సిన మనిషి నిన్ననే పోయాడు కాబట్టి ప్రాణభయం లేదు.

రికార్డు కోసం రాస్తున్నాను. హవల్దార్ హనుమాండ్లు (రిటైర్డ్), వయసు యాభై తొమ్మిది, మంగళవారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో, బట్టల షాపు గుమ్మం దగ్గర, సెక్యూరిటీ యూనిఫాంలో, నిలబడి ఉండగానే పోయాడు. గుండె. షట్టర్ తీసి పది నిమిషాలు కూడా కాలేదు.

"పడేటప్పుడు గూడ తలుపు ఇడ్వలే తమ్మీ. లేడీసు లోపటికి పోతుండ్రి. తలుపు పట్టుకొనే కూలవడ్డడు" అని షాపు మేనేజరు చెప్పాడు. అభినందిస్తున్నట్టే చెప్పాడు. తలుపుకు దెబ్బ తగలనందుకు కావచ్చు.

కాలనీ వాట్సాప్ గ్రూపులో "కార్గిల్ సార్ ఇక లేరు" అని పెట్టారు. కింద అరవై మూడు దండాలు. ఒకాయన పొరపాటున బొటనవేలు పెట్టాడు. అందరికంటే ఆయనే నయం.

నాకు ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. ఎవరి మీదనో ఇంకా తేలలేదు. దరఖాస్తులు స్వీకరిస్తున్నాను.

జూన్ 5. గురువారం

మూడో రోజు. పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, శ్మశానంలో విస్తరాకు పరిచి, కాకి వచ్చి ముట్టేదాకా ఎండలో నిలబడటం. కాకి రాకపోతే పోయినాయనకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి హామీలివ్వాలి. నచ్చిన హామీకి కాకి దిగుతుంది. నేను బి.టెక్. ఎలక్ట్రానిక్స్ చదివాను. నిలబడ్డాను.

మటన్, బగారన్నం, ఉడికించిన గుడ్డు, మిలిటరీ క్యాంటీన్ రమ్ము ఒక మూత. మూడు కాకులు కేబుల్ వైరు మీద కూర్చుని మమ్మల్ని ఇంటర్వ్యూ చేస్తున్నాయి.

అమ్మ వెళ్లింది. "పిల్లగాని గురించి రంది పెట్టుకోకు. నేనున్న. తిను." కాకి రాలేదు.

నన్ను తోశారు. "ఉద్యోగం తెచ్చుకుంటా నాన్నా" అన్నాను. కాకి నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

అప్పుడు జగన్ మామ ముందుకొచ్చాడు. అమ్మ తమ్ముడు. ఈసారి కార్పొరేటర్ టికెట్ తనదేనని మూడు ఎన్నికల నుంచి చెబుతున్నాడు. గొడుగు మడిచి, మడమలు కొట్టి, సెల్యూట్ పెట్టాడు. "బావా! కాలనీ గేటు కాడ నీ విగ్రహం పెట్టిస్త! కార్గిల్ వీరుడని రాయిస్త! చేతిల తుపాకితోని!"

కాకి దిగింది. గుడ్డు ఎత్తుకుపోయింది.

"చూసిన్రా! ముట్టింది! బావ మనసుల గిదే ఉండె!" అని మామ అందరి వైపూ తిరిగాడు. అందరూ అవునవునన్నారు. ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

అసలు సంగతి గొడుగు. కాకి గంట నుంచి గొడుగుకు భయపడి రాలేదు. గొడుగు మడిచాక వచ్చింది. ఈ ముక్క చెప్పబోతే అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

కాకికిచ్చిన మాట తప్పకూడదట. పెద్దకర్మ నాడు, పదమూడో తారీఖున, పార్టీ లీడరును పిలిచి మైకులో విగ్రహం ప్రకటిస్తారట. మా ఎల్బీనగర్‌లో ఒకసారి మైకులో పడ్డ మాటను వెనక్కి తీసుకున్న చరిత్ర లేదు.

జూన్ 6

కాకి మీద కోపంగా ఉంది.

జూన్ 7. శనివారం

తండ్రిగా హవల్దార్ హనుమాండ్లు సేవలు, సంక్షిప్తంగా.

నా ఎంసెట్ రోజు సెంటరు బయట ఎండలో, నేను లోపల ఉన్నంతసేపూ నిలబడే ఉన్నాడు. పక్కనున్న తండ్రులు చెట్టు కిందకు పిలిచారట. పోలేదు. "గేటు కాడి నుంచి నీ కిటికి కనవడుతుండె" అన్నాడు. ర్యాంకు వచ్చాక ఏమీ అనలేదు. ఆ ర్యాంకుకు ఎవరైనా ఏదో ఒకటి అనాలి.

ఇంజనీరింగులో నాలుగు సబ్జెక్టులు తప్పినప్పుడు మెమో నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "మల్ల రాస్తవు గద" అన్నాడు. అంతే. రోజూ నా బూట్లు ఆయనే పాలిష్ చేసేవాడు. పద్దెనిమిదేళ్లు దాటినవాడి బూట్లు తండ్రి పాలిష్ చేయడం నేరమని ఏ చట్టంలోనూ లేదు, ఉండాలి.

డ్యూటీ లేనప్పుడు కుట్టుకునేవాడు. మిషను వెనక గదిలో ఉండేది. అక్కడ వెలుతురు బాగుంటుందని. తలుపు వేసుకునేవాడు, దారం ముక్కలు ఇల్లంతా పడకుండా.

మా తాతది పోచంపల్లి దగ్గర మగ్గం. కాబట్టి నాన్నకు బట్ట అంటే సరదా. హాబీ.

జూన్ 8. ఆదివారం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద ఫ్లెక్సీ దుకాణం. జగన్ మామ నన్ను డిజైను ఓకే చేయడానికి పంపాడు. డిజైనరు పేరు చంటి. నా వయసే ఉంటాడు. మర్యాద ఎక్కువ.

"అన్నా, ఏ బాడీ పెడదాం?"

"అంటే?"

"ఫేస్ మీ డాడీదే. కింద బాడీ మనం పెట్టాలె. కమాండో బాడీ ఉంది, ఆఫీసర్ బాడీ ఉంది, మంచుల పండుకొని కాలుస్తున్న బాడీ ఉంది. గదైతే సూపరుంటది గని ఫేస్ పక్కకు ఉండాలె."

"మా నాన్నకు సొంత బాడీ ఉండె."

"పాస్‌పోర్ట్ ఫోటోనే ఇచ్చిండ్రు గదన్నా" అన్నాడు పాపం. "గన్ను ఏది పెట్టమంటరు? ఆరు రకాలున్నయ్."

ఆరు తుపాకులూ చూపించాడు. నేను శ్రద్ధగా చూశాను. ఒకటి పెద్దగా ఉందన్నాను, ఒకటి పాతదన్నాను. ఏ అధికారంతో అన్నానో దేవుడికి తెలియాలి. చివరికి కమాండో శరీరం మీద మా నాన్న తల నిలబడింది. వెనక మంచుకొండలు, పేలుతున్న బాంబులు, ఎగురుతున్న జెండా. ఆ మూల జగన్ మామ, దండం పెడుతూ, నాన్నకన్నా కొంచెం పెద్దగా. "అమర వీరుడు, కార్గిల్ సింహం."

మెడ దగ్గర కాలరు కుదరలేదు. రెండు వేళ్లు పట్టేంత సందు. నాన్న చూసి ఉంటే కుట్లు విప్పి మళ్లీ కుట్టేవాడు.

"ఓకేనా అన్నా?"

ఓకే అన్నాను. ఇది రెండోసారి.

జూన్ 9

రాయను.

జూన్ 10. మంగళవారం

సరే.

నాన్న ఆర్మీలో దర్జీ. సిపాయిల ప్యాంట్లు పొట్టి చేసేవాడు, చొక్కాలు కుట్టేవాడు, భుజాల మీద ఫీతీలు, ఛాతీ మీద పేరు పట్టీలు కుట్టేవాడు. ఇరవై ఏళ్లు అదే. కార్గిల్‌లో యుద్ధం జరిగినప్పుడు ఆయన యూనిట్ అక్కడే ఉంది. ఆయన, ఆయన మిషను, ఒక టెంటు. తుపాకి కాల్చడం శిక్షణలో నేర్పారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

ఐదో తరగతిలో అభిలాష్ అనేవాడు నా బెంచీ. వాళ్ల నాన్నకు మలక్‌పేటలో కార్ల షోరూము. లంచ్‌లో అందరి ముందూ అడిగాడు: "మీ డాడీ మిలిటరీల దర్జీ అంట గదరా? మా మమ్మీ జాకెట్ కుట్టిస్తవా?"

క్లాసంతా నవ్వారు. నేను నవ్వలేదు. మా నాన్న కార్గిల్‌లో పదకొండు మందిని ఒక్కడే కాల్చేశాడని చెప్పాను. కొండ మీది నుంచి. ఒకణ్ణి చేత్తో. దర్జీ అనేది పైకి చెప్పే మాట, అసలు సంగతి సీక్రెట్ అన్నాను, శత్రువులకు తెలియకుండా.

మృదుల టీచరు విన్నారు. ప్రిన్సిపాల్‌కు చెప్పారు. 2012 జనవరి 26కు ముఖ్య అతిథిగా రమ్మని ఇంటికి ఉత్తరం వచ్చింది. "శత్రుసేనను చీల్చి చెండాడిన మీ వీరగాథను మా విద్యార్థులకు వినిపించగోరుతున్నాము."

నాన్న ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. నేను మంచం కింద ఉన్నాను. ఆయన వంగి చూశాడు.

"ఎంతమందిని సంపిన్రా నేను?"

"పదకొండు."

"గంతమందినా?"

కాసేపు ఆలోచించాడు. నిజంగానే, గుర్తు తెచ్చుకుంటున్నట్టు. తర్వాత "సరే, బయటికి రా, దుమ్మున్నది" అన్నాడు.

కొట్టలేదు. అది రాసి పెట్టుకుంటున్నాను. కొట్టలేదు.

యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాడు. ఆయనే కుట్టుకున్న యూనిఫాం, వంక పెట్టడానికి లేదు. స్టేజీ మీద ప్రిన్సిపాల్ ఆ పదకొండు మందిని పద్నాలుగు చేశారు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నాడు. మైకు ఇచ్చారు. మొత్తం ప్రసంగం నాకు గుర్తుంది, మూడే వాక్యాలు: "మంచిగ చదువుకోండ్రి. అంగీ గుండీలు పెట్టుకోండ్రి. జై హింద్."

ఐదు వందల మంది పిల్లలు చప్పట్లు కొట్టారు. అభిలాష్ కూడా. వాడు ఆ రోజు నుంచి నాకు చాక్లెట్లు తెచ్చాడు.

స్కూటర్ మీద తిరిగొస్తుంటే వెనక్కి తిరగకుండా అడిగాడు: "సరిపోయిందా?" కొత్త చొక్కా తొడిగి చూసినప్పుడు అడిగే మాట అదే.

సరిపోయిందన్నాను. అదీ మొదటిసారి.

జూన్ 11. బుధవారం

వెనక గదికి కిటికీ లేదు.

శనివారం "వెలుతురు బాగుంటుందని" రాశాను. పెన్ను ఆగలేదు. నాలుగు గోడలు, ఒక ట్యూబ్‌లైటు. పదమూడేళ్లు.

ఇవాళ సజ్జ మీది పాత సామాన్లలోంచి బోర్డు దించాను. అక్కడ ఉందని నాకు మొదటినుంచీ తెలుసు. పసుపు మీద ఎర్ర అక్షరాలు: "హనుమాండ్లు మిలిటరీ టైలర్స్. ప్యాంటు, షర్టు, సఫారీ, జాకెట్లు." ముందు గదిలో దుకాణం పెడదామని రాయించాడు. ఆ జనవరిలోనే. ముహూర్తం ఫిబ్రవరిలో.

అమ్మ బోర్డు చూసి చేతిలో పప్పు చేట పక్కన పెట్టింది.

"ఎందుకు పెట్టలేదమ్మా దుకాణం?"

"నీకెరుక లేదా?"

"నువ్వు చెప్పు."

"పిల్లగాడు బడిల పెద్ద మాట చెప్పుకున్నడు భాగ్యా, ఇంటి ముంగట మిషన్ ఏస్తే ఆని మొకం ఏమైతది అన్నడు మీ నాయిన. వారం దినాలకు గా షాపుల గేటు కాడ నిలవడ్డడు. మిలిటరాయనంటే కాపలకే గద పిలుస్తరు." చేట మళ్లీ తీసుకుంది. "మూడో అంతస్తుల టైలర్లు కూసుంటరంట. తినేటప్పుడు పోయి చూసొస్తుండె. ఆళ్లకు కాజాలు కుట్ట రాదని ఇంటికొచ్చి తిడుతుండె."

"నువ్వైనా నన్ను తిట్టాల్సింది."

"తిట్టబోయిన. తిట్టనియ్యలే."

కార్గిల్ గురించి ఆయన ఏం చెప్పేవాడని అడిగాను. ఒక్కసారే చెప్పాడట. "ఆ రెండు నెలలు అన్నిటికన్న ఎక్కువ పేర్లు కుట్టిన భాగ్యా. కొన్ని పేర్లు రెండోసారి కుట్టే పని పడలే."

ఇప్పుడు ఎవరూ దీన్ని పట్టుకుని ఆయన్ని ఇంకో రకం వీరుణ్ణి చేయకూడదు. ముందు నేను చేయకూడదు. దర్జీ. ప్యాంట్లు పొట్టి చేశాడు. బాగా చేశాడు.

జూన్ 12. గురువారం

డైరీ పన్నెండో పేజీ, ఆయన రాసిన చివరి పేజీ: "న. భుజం 18, ఛాతీ 40, చెయ్యి 24."

న. అంటే నేను. నాకు ఎప్పుడు కొలతలు తీశాడు? అమ్మ చెప్పింది: నేను స్నానానికి పోయినప్పుడు దండెం మీది నా చొక్కాను కొలిచాడట. ఇంటర్వ్యూకి కొత్తది కుడుతున్నాడట. మిషను పక్క సంచిలో దొరికింది. లేత నీలం. కాజాలన్నీ చేత్తో కుట్టాడు. గుండీలు మాత్రం పొట్లంలో ఉన్నాయి.

జగన్ మామ వచ్చాడు. లీడరు ఒప్పుకున్నాడట, విగ్రహం నాలుగడుగులా ఐదడుగులా అన్నదే మిగిలిందట. "అల్లుడా, రేపు కొడుకువు గనుక రెండు ముక్కలు మాట్లాడాలె. ఏడుస్తే ఇంక మంచిది."

"మామా, విగ్రహం వద్దు."

"కాకికి మాటిచ్చిన్రా!"

"కాకి గొడుగు చూసి..."

"పరేషాన్‌ల ఉన్నవు, పండుకో" అని నా భుజం తట్టి వెళ్లాడు.

రేపు చెబుతాను. మైకులో, అందరి ముందు. కాలనీ అంతా నా ముఖం మీద ఉమ్మినా సరే.

జూన్ 13. శుక్రవారం

చెప్పాను.

గుండీలు లేని నీలం చొక్కా వేసుకుని, పిన్నీసులు పెట్టుకుని, కమ్యూనిటీ హాలులో స్టేజీ ఎక్కాను. వెనక పన్నెండడుగుల ఫ్లెక్సీలో కమాండో శరీరంతో నాన్న. లీడరు ఇంకా రాలేదు, సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాడు. రెండు వందల మంది. సగం మంది అప్పటికే ప్లేట్లు పట్టుకున్నారు.

"మా నాన్న కార్గిల్‌లో ఎవర్నీ చంపలేదు" అన్నాను. "ఆయన ఆర్మీలో దర్జీ. చంపాడని నేను చెప్పాను. ఐదో తరగతిలో, సిగ్గుపడి చెప్పాను. ఆయన నాకోసం ఒప్పుకున్నాడు. నావల్ల దుకాణం మానుకున్నాడు. నావల్ల తలుపు దగ్గర నిలబడి చనిపోయాడు. వెనకున్న ఆ మనిషి మా నాన్న కాదు."

నేను ఉమ్ములకు సిద్ధపడ్డాను.

బగారన్నం దగ్గర నిలబడ్డ యాదలక్ష్మి ఆంటీ, మా ఎదురింటావిడ, గంటె ఎత్తి అంది:

"గది మాకెరుకే గద బిడ్డా."

"ఏంటి ఎరుక?"

"నా జాకెట్లన్ని పదమూడేండ్ల సంది సారే కుట్టె! ఇగో, గిది గూడ!" అని భుజం చూపించింది.

పక్క లైనులోంచి సుమిత్రమ్మగారు, గుంటూరు వైపు ఆవిడ, గొంతు కలిపారు. "మా మనవడి నిక్కర్లు కూడా ఆయనేనయ్యా. కాజా కుట్టాడంటే నగలా ఉండేది. 'మావానికి తెల్వనియ్యకుండ్రి తల్లీ, చిన్నబోతడు' అనేవారు. అందుకేగా ఆయనకు డ్యూటీ లేని రోజున, నువ్వు బడికో కాలేజీకో వెళ్లాకే వచ్చేవాళ్లం, వెనక గుమ్మంలోంచి. ఒకసారి నువ్వు మధ్యాహ్నమే వచ్చేస్తే గంటసేపు ఆ గదిలో ఉక్కలో కూర్చున్నానయ్యా, చప్పుడు చేయకుండా!"

ఆడవాళ్లు నవ్వారు. నవ్వుతూనే కొందరు ఏడ్చారు.

"మరి కార్గిల్ సార్ అని ఎందుకు పిలిచారు అందరూ?" నా గొంతు మైకులో కీచుమంది.

"నీ ముంగట పిలిచేటోళ్లం" అంది యాదలక్ష్మి ఆంటీ. "నువ్వు లేనప్పుడు హనుమాండ్లన్నా అనే అంటుంటిమి."

జగన్ మామ వైపు తిరిగాను. "నీకు కూడా తెలుసా?"

"తెల్వకేంది? నా పెండ్లి సూటు ఎవలు కుట్టిండ్రనుకుంటున్నవ్?"

"మరి తుపాకి?"

"నువ్వుంటివి గదరా కాకి కాడ. నీ ముంగట ఇంకేం అంటం?"

పదకొండు రోజులు కూడబెట్టుకున్న ధైర్యం. ఒక్కరంటే ఒక్కరు ఆశ్చర్యపోలేదు.

అప్పుడు అమ్మ లేచింది. పదకొండు రోజుల్లో ఆమె గొంతు పెరగడం అదే మొదటిసారి. "జగనూ, ఇగ ఇను. విగ్రహం పెడితే మిషన్ ముంగట కూసున్నట్టు పెట్టు. తుపాకి కనవడ్డదో, నేనే కూలగొడ్త. కాకికి నేను చెప్పుకుంట."

లీడరు వచ్చేసరికి ఫ్లెక్సీ దించేశారు. ఆయన ఎవరికి దండ వేయాలో తెలియక అమ్మకు వేయబోయాడు.

జూన్ 14. శనివారం

దరఖాస్తుల స్వీకరణ ముగిసింది. కాకి, మామ, చంటి, షాపు తలుపు నిర్దోషులుగా విడుదల. శిక్ష ఎవరికో చెప్పనక్కర్లేదు.

అయినా ఇంకా కోపంగా ఉంది, నాన్న మీద. మంచం కింద ఉన్నవాణ్ణి చెవి పట్టి లాగి ఒక్కటిచ్చి ఉంటే ఐదు నిమిషాలు ఏడ్చేవాణ్ణి. క్లాసులో వారం రోజులు నవ్వేవారు. నెలకు మరిచిపోయేవారు. అభిలాష్ గాడికి ఇప్పుడు నా పేరు కూడా గుర్తుండదు. ఐదు నిమిషాల ఏడుపు నాకు రాకూడదని ఈయన పదమూడేళ్లు కిటికీ లేని గదిలో కూర్చున్నాడు. వీధి మొత్తం చేత నా చుట్టూ నాటకం ఆడించాడు. ఎవరు అడిగారు? ఇంత ప్రేమ ఎవరైనా అడిగారా?

పొద్దున యాదలక్ష్మి ఆంటీ వచ్చింది. ముందు గుమ్మం నుంచి. "బిడ్డా, నా జాకెట్ ఒకటి సారు కాడనే ఉండె. హుక్కులు కుట్టుడే మిగిలింది." వెతికి ఇచ్చాను. మడత మీద నాన్న రాసిన చీటీ ఉంది. య.ల., ఎడమ చెయ్యి వదులు. ఆంటీ చీటీ చదివి, జాకెట్ సంచిలో పెట్టుకుని, చీటీ నా చేతికిచ్చి వెళ్లింది.

మిషను వరండాలోకి తెచ్చాను. నేనొక్కణ్ణే. ఇంత బరువుంటుందని తెలియదు. గోడకు మేకు కొట్టి బోర్డు తగిలించాను. కొంచెం వంకరగా వచ్చింది. దుకాణం తెరుస్తున్నానని కాదు. నాకు కుట్టడం రాదు. బోర్డు బయట ఉండాలి, అంతే.

స్టూలు మీద కూర్చుని నీలం చొక్కాకు గుండీలు కుట్టాను. మొదటిది మూడుసార్లు ఊడింది. రెండోదానికి వేలు గుచ్చుకుంది. నాలుగోది కాజాకు ఎదురుగా రాలేదు, అర అంగుళం కిందికి పోయింది. విప్పి మళ్లీ కుట్టాను. చూపు సరిగా ఆనలేదు. ఎండ పొడకు కావచ్చు.

అమ్మ టీ తెచ్చింది. బోర్డు చూసింది, మిషను చూసింది, నా ముఖం చూసింది. గ్లాసు మిషను మీద పెట్టబోయి, బట్టకు మరక అవుతుందని కింద పెట్టింది.

"ఈడ వెలుతురు మంచిగున్నది" అంది.